అదను తప్పిన చదువు

"రేపు చదివెదను" అను మాటయందు దోషమేమైనను ఉన్నదా? అసత్యమాడుట దోషమనియు, పరధనమును ఆశించుట దోషమనియు, పరులను నొప్పించుట దోషమనియు మన పిల్లలకు చిన్ననాటనే చెప్పుచున్నాము. పుస్తకమును నేడు తెరువక రేపటికి వాయిదా వేసిన విద్యార్థి ఎవరి సొమ్మును హరించెను? ఎవరిని నొప్పించెను? పైకి చూచినచో ఎవరిని కాదు. అందువలననే కాబోలు, ధర్మమును బోధించువారు ఈ విషయమును సోమరితనమను ఒక్క మాటతో కొట్టివేసి ముందునకు సాగుదురు. ఆ మాట సరియైనది కాదని నా అభిప్రాయము. దానిని వాడుటవలన మేలుకంటె కీడే ఎక్కువగా జరుగుచున్నదని అనుభవము చెప్పుచున్నది. ఆ అనుభవమును ముందు చెప్పి తరువాత విచారణకు వచ్చెదను.

2024 భాద్రపదమున పల్నాడు జిల్లా నకరికల్లులో బంధువుల ఇంట నాలుగు దినములు ఉంటిని. ఊరి చుట్టును మిరపనాటు జరుగుచుండెను. ఒకనాటి సాయంకాలము కౌలురైతు ఒకరు నన్ను వెదకికొని వచ్చిరి. నేను పూర్వము కళాశాలలో పాఠములు చెప్పినవాడనని ఎవరో చెప్పియుందురు. ఆయన చేతుల మట్టి ఇంకను ఆరలేదు. అరుగుపై కూర్చుండి చెప్పిన మాటలివి: "మాస్టారూ, మావాడు ఇంజనీరింగు మూడో ఏడండి. ఆరు సబ్జెక్టులు మిగిలిపోయినయ్యండి. తాగుడు లేదు, తిరుగుడు లేదు. ఇంటర్లో మంచి మార్కులే వచ్చినయ్యి. ఇప్పుడు పుస్తకం ముందు కూర్చుంటాడు గానీ చదవడు. తిట్టాను, బతిమాలాను, వాళ్ళమ్మ రెండు పూటలు అన్నం కూడా మానేసింది. మీరొక్కసారి మాట్లాడండి."

సెలవులకు వచ్చియున్న ఆ అబ్బాయి మరునాడు వచ్చెను. వినయము గలవాడు. మొదట అడిగినదానికి మాత్రమే సమాధానము చెప్పెను. ఆతని చదువు నడిచిన తీరు కొంత తెలిసికొనవలసి యున్నది. 2020లో కోవిడు మూలమున పదవ తరగతి పరీక్షలు రద్దయి అందరును ఉత్తీర్ణులైన సంవత్సరపు విద్యార్థి అతడు. మరుసటి ఏడు ఇంటరు మొదటి సంవత్సరపు పరీక్షలును రద్దయినవి. పాఠములు సెల్‌ఫోనులో వినెను, లేక విన్నట్లు కనబడెను. రెండవ సంవత్సరమున తండ్రి అప్పు చేసి హాస్టలు గల కళాశాలలో చేర్చెను. అక్కడ వేకువ ఐదు గంటలకు గంట, స్నానమునకు గంట, చదువునకు గంట, అన్నమునకు గంట, రాత్రి నిద్రకు గంట. మార్కులు వచ్చినవి. పిదప ఇంజనీరింగు కళాశాల.

"అక్కడ గంట కొట్టేవాళ్ళు సార్, చదివేవాణ్ణి. ఇక్కడ ఎవరూ కొట్టరు" అనెను. అతని నవ్వులో హాస్యము లేదు. కొంతసేపటికి, నేను అడుగకయే, మెల్లగా చెప్పెను: "పుస్తకం తీస్తే మా నాన్న కనపడతాడు సార్. మూసేస్తే కాసేపు కనపడడు."

ఆ రాత్రి ఆ మాట నన్ను నిద్రపోనీయలేదు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను కబళించి ఈ ప్రాంతపు రైతును ఎట్లు కూల్చినదో ఇచ్చటివారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఈ అబ్బాయి తండ్రియు అందొకరు. కౌలు కట్టెను, మందులకు పెట్టెను, పంట చేతికి రాలేదు. ఆ సంవత్సరమే కుమారుని హాస్టలు ఫీజు. కుమారుడు చదువకున్నప్పుడెల్ల ఇంటిలో వినబడు మాట ఒక్కటే: "మీ నాన్న నీ కోసం ఎంత కష్టపడుతున్నాడో చూడు." ఆ మాట సత్యమే. ప్రేమతో చెప్పినదే. కాని పుస్తకము ప్రక్కన ప్రతిదినము ఆ అప్పును నిలబెట్టినచో, పుస్తకమును తెరచుట అప్పులవాని గడప త్రొక్కుటతో సమానమగును. ఇయ్యవలసినది చేత లేనివాడు అప్పులవాని వీధిని తప్పించి చుట్టుదారిన పోవుట మనము చూడలేదా? అట్టివానిని సోమరియనము. సిగ్గుపడుచున్నాడనుదుము.

తెలిసియు మేలైనదానిని చేయకుండుట ఎట్లు సంభవించునను ప్రశ్న చాల ప్రాచీనమైనది. గ్రీసుదేశమున సోక్రటీసు, ఇది మేలని నిజముగా ఎరిగినవాడు కావలెనని కీడును ఎన్నుకొనడనియు, ఎన్నుకొన్నచో వాని ఎరుకయే కొరవడినదనియు వాదించెను. అరిస్టాటిలు దీనిని అంగీకరింపలేదు. ఎరుక ఉండియు, ఆ క్షణమున అది నిదురించువాని ఎరుకవలె పనిచేయకపోవచ్చునని అతని భావము. మన పల్నాటి అబ్బాయి విషయమున నేను అరిస్టాటిలు వైపునకే మొగ్గుదును. చదువవలెనని అతనికి తెలియదా? ఆ ఇంటిలో దానికంటె ఎక్కువగా తెలిసిన విషయము మరియొకటి లేదు. అయినను అరిస్టాటిలు ఇట్టి మనిషిని సుఖమునకు లొంగినవానినిగా భావించెను. ఇతడు సుఖమునకు లొంగలేదు. రాత్రి రెండు గంటలవరకు సెల్‌ఫోను చూచుచు అతడు అనుభవించిన సుఖమేమని అడిగితిని. "ఏం చూశానో కూడా గుర్తుండదు సార్" అనెను. అది సుఖము కాదు, నొప్పినుండి పరుగు.

ఈ కాలపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు పరిశోధన చేసి ఇంచుమించు ఈ మాటనే చెప్పుచున్నారు. అమెరికాలోని వెర్మాంటు విశ్వవిద్యాలయమున సాలమన్, రాత్‌బ్లమ్ అను ఇరువురు విదుషీమణులు 342 మంది విద్యార్థులను ప్రశ్నించి 1984లో ఫలితములను ప్రకటించిరి. వ్యాసరచనను ఎల్లప్పుడును లేక దాదాపు ఎల్లప్పుడును వాయిదా వేయుదుమని చెప్పినవారు 46 శాతము, పరీక్షల చదువును వాయిదా వేయుదుమన్నవారు సుమారు 28 శాతము, వారము వారము చదువవలసిన పాఠములను వాయిదా వేయుదుమన్నవారు సుమారు 30 శాతము. కారణములలో ముఖ్యముగా తేలినవి రెండు: తప్పుదుమేమోనను భయము, పనియెడల వైముఖ్యము. 2013లో సిరోయి, పిచిల్ అనువారు దీనిని మరింత స్పష్టముగ చెప్పిరి. వాయిదా వేయువాడు కాలమును నిర్వహించుకొనలేనివాడు కాదు, ఆ క్షణపు మనోవ్యథను తప్పించుకొనువాడు. నేటి వ్యథ తీరును. దాని వెలను రేపటి మనిషి చెల్లించును.

రేపటి మనిషి అంటిని. మొదట వేసికొన్న ప్రశ్నకు నా సమాధానము ఇచ్చటనే దొరకుచున్నది. "రేపు పది గంటలు చదివెదను" అని రాత్రి పండుకొను విద్యార్థి చేయు పని యేమి? రేపటి తన పేర ఒక ప్రాంసరీ నోటు వ్రాయుచున్నాడు. రేపటి వానిని అడుగలేదు. వానికి పది గంటల శక్తి యున్నదో లేదో విచారింపలేదు. సంతకము మాత్రము చేసి నేటికి నిశ్చింతగ నిద్రించెను. మరునాడు వాడు చెల్లింపలేడు. అసలు వడ్డీతో కలిసి మరుసటి నోటుపై ఎక్కును. కాబట్టి దోషమున్నది. కాని అది సోమరితనపు దోషము కాదు, తీర్చలేనని లోలోన తెలిసియు మాట ఇచ్చుటయందలి దోషము. అసత్యమునకు దగ్గరి చుట్టము. ఆ అసత్యము చెప్పినదియు విన్నదియు ఒక్క మనిషియే యగుటచేత ఎవరును సాక్ష్యము చెప్పరు.

గొప్ప సంకల్పమే వాయిదాకు ముసుగు అగుచున్నదని నేను గ్రహించుటకు చాల కాలము పట్టినది. దాచనేల, నేను ఉపాధ్యాయుడనై యుండియు దిద్దవలసిన జవాబు పత్రముల కట్టలను ఆదివారమునకు, ఆదివారము వచ్చిన పిదప పండుగ సెలవులకు జరుపుచుండెడివాడను. "నిదానమే ప్రధానము" అని ఒకప్పుడు, "ఆలస్యం అమృతం విషం" అని మరియొకప్పుడు చెప్పుకొనుచుంటిని. సామెతలు రెండువైపులను సిద్ధముగ నుండుట మన భాషయొక్క సౌలభ్యము. తుదకు ఆ కట్టలన్నియు ఒక్క రాత్రిలో కనులు మూతపడుచుండగ దిద్దబడినవి. ఏ విద్యార్థికి ఎన్ని మార్కులు తగ్గినవో, ఎన్ని పెరిగినవో భగవంతునికే ఎరుక. అదే సంవత్సరము, ఇంటిపని చేయలేదని ఒక కుర్రవానిని తరగతి వెలుపల నిలబెట్టితిని.

నకరికల్లు రైతు తన పొలమున ఇట్టి వాయిదా వేయడు. వేయలేడు. నారు ముదిరిన పిదప నాటిన పైరు పట్టుకొనదు. అదనున నీరు పెట్టనిచో ఆకు వాడును. పండిన కాయ కోయనిచో రాలును, తాలుపోవును. రేపు అనుటకు వీలులేదు, ఏలనన పొలము తన మాటను తానే చెప్పును. అదను అను మాట మన వ్యవసాయదారుల మాటలలో మిక్కిలి విలువైనది. కాలమున్నంత మాత్రమున అదనున్నట్లు కాదు. తేమ, నేల, విత్తనము, మనిషి ఒక్కచోట కూడిన ఘడియ అదను. చదువునకును అదనున్నది. విన్న పాఠమును ఆ దినము కాకున్న మరునాడైనను తిరిగి తలచుకొన్నచో నిలుచును, నెల దాటినచో మరల మొదటినుండి దున్నవలసినదే. మరపు మొదటి దినములలోనే అతివేగముగ సాగునని జర్మనీ దేశపు ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తనపై తాను ప్రయోగము చేసికొని చూపెను. కాని పుస్తకపు అదను తప్పినను ఆకు వాడదు. నాలుగు నెలలపాటు చేను పచ్చగనే కనిపించును. పరీక్షనాడు చూచిన గింజ లేదు. తండ్రి కన్నులు పొలమున దేనిని చూచి మేలుకొనుచున్నవో, ఆ గురుతు కుమారునికి పుస్తకమున కనిపించుటలేదు. ఒకే ఇంటిలో తండ్రి శ్రమజీవియు కుమారుడు సోమరియు అయిరనుట ఈ తేడాను గమనింపని తీర్పు.

గంటకొట్టు పద్ధతి ఈ కనబడని అదనును బయటినుండి చెప్పు ఏర్పాటు. దానిని నేను నిందింపను. 1971లో సర్వేలు గురుకుల పాఠశాల, 1972లో తాడికొండ గురుకుల పాఠశాల ఏర్పడినవి. మన మాచర్ల ప్రాంతపు విజయపురి సౌత్‌లో నాగార్జునసాగర్ గురుకుల కళాశాల యున్నది. వీనివలన పల్లెటూళ్ల పేదపిల్లలెందరో వృద్ధిలోనికి వచ్చిరి. ఇంటిలో దీపము లేనివానికి, ప్రక్కన చదువుకొన్నవాడు లేనివానికి ఆ గంట పెద్ద ఉపకారము. అయితే గంట ఒక ఊతకర్ర. నడక వచ్చుచున్నకొలది దానిని సడలించు యోచన కూడ చేసినచోటనే అది విద్య. రోజంతయు గంటలచేతనే నడిపించి, ఇంటరు కాగానే ఒక్క దినమున అన్ని గంటలను ఆపివేసి, "ఇక నీవే చదువుకొమ్ము" అనుట, ఈత నేర్పక గట్టుమీదనుండి కాలువలోనికి త్రోయుటయే. మార్కులు కొన్నాళ్లకు మరుగునపడును. తన్ను తాను లేపుకొను శక్తి మాత్రము అతనికి అప్పటికిని రాలేదు.

ఈ శక్తికే విద్యాశాస్త్రమున స్వయంనియంత్రిత అభ్యసనమని పేరు. న్యూయార్కులో ఆచార్యుడుగ నున్న బారీ జిమ్మర్‌మన్ దానిని మూడు దశలుగ వివరించెను. పనికి పూర్వము యోచన, పని చేయుచున్నప్పుడు తన్ను తాను కనిపెట్టుకొనుట, పని ముగిసిన పిదప సమీక్ష. ఆ సమీక్ష మరునాటి యోచనకు పునాది యగును, మరల చక్రము తిరుగును. చదువరులలో కొందరికి ఇది పాశ్చాత్యుల క్రొత్త సిద్ధాంతముగ తోచవచ్చును. నాకు మాత్రము ఆయ్దక్కి మారయ్య జ్ఞాపకము వచ్చెను.

పండ్రెండవ శతాబ్దిలో కల్యాణ పట్టణమున, బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతోనే జంగమార్చనము, ఆ దంపతుల జీవనము. ఒకనాడు ఆయన ఎప్పటికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్య లక్కమ్మ దానిని చూచి సంతోషింపలేదు. ఆ దినమునకు వలసినంత ఉంచి, మిగిలినది తెచ్చినచోటనే పోసి రమ్మని భర్తను పంపెను. ఈ కథను మనము సాధారణముగ ఆశ లేకుండుటకు దృష్టాంతముగ చెప్పుకొందుము. అది సరియైనదే. కాని మరియొక విషయము గూడ ఇందున్నది. కాయకమునకు దినపు కొలత యున్నది. నిన్నటి కొరతను నేడు ఒక్కసారిగ పూరించుటయు లేదు, రేపటి పనిని నేడే ముగించి ఎల్లుండి విశ్రమించుటయు లేదు. ఒక దినము ఒక మూట తెచ్చి పదిదినములు పరుండుటకంటె ప్రతిదినము ఒక పిడికెడు ఏరుట మేలని ఆ ఇల్లాలు ఎరిగియుండెను. పరీక్షలకు ముందు మూడు రాత్రులు మేల్కొని మూట మోయు విద్యార్థికి లక్కమ్మ ఏమి చెప్పియుండునో నేను చెప్పనక్కరలేదు.

మరునాడు ఆ అబ్బాయిని మరల పిలిపించితిని. "పది గంటలు వద్దు నాయనా, నీవు తప్పక చేయగలవని నీకే నమ్మకమున్నంత చెప్పుము" అంటిని. చాలసేపు ఆలోచించి "అరగంట" అనెను. అరగంట చాలునంటిని. ఆరు సబ్జెక్టులలో ఒక్కటి మాత్రమే తీసికొనుమంటిని. అది కష్టమైనదియు కాదు, సులభమైనదియు కాదు, ముందుగ పరీక్ష వచ్చునది. తరువాత ఎప్పుడు, ఎక్కడ అను ప్రశ్నలు. "సాయంకాలము" అని అతడు చెప్పగ అంగీకరింపలేదు. సాయంకాలమునకు నాలుగు గంటల వెడల్పున్నది, అందు దేనినైనను పారవేయవచ్చును. తుదకు "కాలేజీ బస్సు దిగి కాళ్ళు కడుక్కోగానే, టీ తాగకముందు, మేడమీద" అని తేలెను. ఇది చిన్న విషయమని నవ్వవద్దు. గోల్విట్‌జరు అను జర్మను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరియు 1997లో ప్రకటించిన పరిశోధనయందు, పండుగ సెలవులలో ఒక నివేదిక వ్రాసి పంపుమని విద్యార్థులను కోరిరి. ఏ సమయమున, ఏ చోట వ్రాయుదురో ముందుగ నిశ్చయించుకొన్నవారిలో ఇంచుమించు ముప్పాతిక మంది వ్రాసిరి. అట్లు నిశ్చయించుకొననివారిలో వ్రాసినవారు మూడవవంతు మాత్రమే. రెండు వర్గములకును కోరిక సమానమే. ఒకరికి ఘడియ యున్నది, మరియొకరికి లేదు. అదను కనబడని చోట అదనును మనమే గీటుపెట్టి చూపుకొనవలెను.

చదువు తీరును గూర్చియు ఒక మాట చెప్పితిని. ఈ అబ్బాయియు అందరివలెనే ఒక్క పుటను నాలుగుసార్లు చదివి, రంగు పెన్నుతో గీతలు గీసి, వచ్చినదని తలచువాడు. మరల మరల చదివినదానిని మనస్సు పరిచితమైనదిగ గుర్తించును, గుర్తించుటను వచ్చుటయని పొరబడును. 2006లో రోడిగర్, కార్పికే అను అమెరికా శాస్త్రజ్ఞులు కొందరు విద్యార్థులచేత ఒక పాఠమును రెండుసార్లు చదివించిరి. మరికొందరిచేత ఒకసారి చదివించి, రెండవసారి పుస్తకము మూసి జ్ఞాపకమున్నంత వ్రాయించిరి. ఐదు నిమిషముల పిదప చూడగ రెండుసార్లు చదివినవారే మెరుగు. వారము పిదప చూడగ, చదివి వ్రాసినవారికి 56 శాతము, రెండుసార్లు చదివినవారికి 42 శాతము జ్ఞాపకమున్నది. కావున అరగంటలో ఇరువది నిమిషములు చదివి, పుస్తకము మూసి, పది నిమిషములు వ్రాయుమంటిని. వ్రాయలేకపోయినదే రేపటి పని. రేపేమి చదువవలెనో వెదకుకొను శ్రమయు దీనితో తప్పినది. వాయిదాలలో సగము ఎక్కడ మొదలుపెట్టవలెనో తెలియని వాయిదాలే.

రాత్రి పండుకొనుటకు ముందు ఒక నోటుపుస్తకమున మూడు పంక్తులు: నేడు చేసెదనన్నదేమి, చేసినదేమి, అడ్డు వచ్చినదేమి. లెక్క వ్రాయుట మిరపరైతు బిడ్డకు క్రొత్తగాదు. తండ్రి కూలీల లెక్కలను చిన్ననాటినుండి వ్రాసినవాడు. తన దినమునకు మాత్రము లెక్క వ్రాసికొనలేదు. ఒక నియమము పెట్టితిని. చేయని దినమున చేయలేదని వ్రాయవలెను. కారణము వ్రాయవచ్చును గాని తిట్టు వ్రాయరాదు. "నేను పనికిరానివాడను" అనునది కారణము కాదు.

ఈ చివరి నియమమును గూర్చి కొందరు మిత్రులు నాతో వాదించిరి. తప్పు చేసినవానిని తన్ను తాను క్షమించుకొనుమనుట మరింత తప్పునకు త్రోవకాదా అని వారి ఆక్షేపణ. ఆక్షేపణ బలమైనదే. దండనము లేనిచో క్రమశిక్షణ ఎట్లు నిలుచును? నేనును వృత్తిలో నున్నన్నాళ్లు అట్లే భావించితిని. కాని కెనడాలోని కార్లెటన్ విశ్వవిద్యాలయమున మొదటి సంవత్సరపు విద్యార్థులను పరిశీలించి 2010లో ప్రకటించిన ఫలితము వేరుగ నున్నది. మొదటి పరీక్షకు వాయిదా వేసి, ఆ వాయిదాకు తమ్ము తాము క్షమించుకొన్నవారు రెండవ పరీక్షకు తక్కువగ వాయిదా వేసిరి. కారణము ఊహింపదగినదే. అపరాధభావము పుస్తకమునకు అంటుకొన్నచో పుస్తకము దగ్గరకు పోబుద్ధి కాదు. క్షమింపబడినవాడు తిరిగి రాగలడు. దండింపబడుచున్నవాడు దూరముగ నుండును. క్షమించుటయన మరచుట కాదు, లెక్కలో ఆ దినమును ఉన్నదున్నట్లు వ్రాసి మరుసటి పుటకు పోవుట.

తండ్రితోను మాటాడితిని. ఇది కష్టమైన భాగము. "మీ కష్టమును వానికి చెప్పవద్దు" అని ఒక శ్రమజీవితో ఎట్లు చెప్పుట? ఆయన నొచ్చుకొనిరి. "మరేం చెప్పమంటారండి, తెలియొద్దా వాడికి?" అనిరి. తెలియును, కావలసినదానికంటె ఎక్కువగ తెలియునంటిని. అబ్బాయి అప్పు సంగతి దాచుమని నా భావము కాదు. ఇంటి లెక్క పిల్లలకు తెలియుట మంచిదే, నెలకొకసారి కూర్చుండబెట్టి చెప్పవచ్చును. పుస్తకము తెరచిన ఘడియన మాత్రము ఆ మాట రాగూడదు. "చదివావా?" అని రాత్రి అడుగుటకు బదులు "ఇయ్యాళ ఏం రాశావు, చూపించు" అని అడుగుమంటిని. ఆయన చదువుకొనలేదు. "నాకేం అర్థమవుద్దండీ" అనిరి. అర్థము కానక్కరలేదు, చూచినచో చాలును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయనిదే ముందునకు పోలేను. ప్రతి వాయిదాయు ఈ కోవకు చెందినది కాదు. నిద్రపట్టక, తిండి సహింపక, ఎవరితోను మాటాడక, బ్రదుకుటయే భారమని పలుకు బిడ్డకు నోటుపుస్తకము చాలదు. అది వైద్యుడు చూడవలసిన వ్యాధి. 2022నుండి ప్రభుత్వము వారి టెలి మానస్ అను ఉచిత దూరవాణి సలహా, 14416 అను సంఖ్యపై, తెలుగులోను లభించుచున్నది. పరువునకు పోయి ఆలస్యము చేయు తలిదండ్రులు ఉన్నారు. వారి వాయిదా అన్నిటికంటె ప్రమాదకరమైనది.

2025 వేసవిలో మరల నకరికల్లు పోయితిని. మిరప కోతలు ముగిసినవి. ఆ సంవత్సరము కాయ కాసినను ధర పడిపోయి రైతులు దిగులుగ నుండిరి. అబ్బాయికి ఆరింటిలో నాలుగు సబ్జెక్టులు పూర్తియైనవి, రెండు మిగిలియున్నవి. అందొకటి మరల వ్రాసి మరల తప్పెను. అరగంట కొన్నినాళ్లకు గంట అయినది, సంక్రాంతికి పూర్తిగ ఆగెను, తిరిగి అరగంటతో మొదలైనది. గొప్ప విజయమని చెప్పుటకు నాకు ధైర్యము చాలదు.

నోటుపుస్తకము తెచ్చి చూపెను. కొన్ని పుటలలో మూడు పంక్తులు, కొన్నిటిలో ఒకటి. సంక్రాంతి తరువాత వరుసగ పదునొకండు పుటలలో తేదీ మాత్రమే యున్నది, క్రింద తెలుపు. ఆ పుటలను ఏల చింపివేయలేదని అడిగితిని. "చింపితే లెక్క తప్పుద్ది కదా సార్" అనెను. ప్రతి పుట క్రిందను, ఆ ఖాళీ పుటల క్రిందను గూడ, వంకరగ ఒక పెన్సిలు గీటున్నది. చదువురాని తండ్రి రాత్రి రాత్రికి చూచి పెట్టిన గీటు అది.